బైరాడ్స్ 0 అంటే సగం రాసిన రిపోర్టు: మామోగ్రామ్, ఏఐ, సూది పరీక్ష, చికిత్సల గురించి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. మీకు 43 ఏళ్లు. తొలిసారి మామోగ్రామ్ చేయించుకున్నారు. రిపోర్టులో "బైరాడ్స్ 0, సాంద్రత సి, అదనపు పరీక్షలు అవసరం" అని వచ్చింది. మీ పిన్నిగారికి 58వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఈలోగా ఒకరు ఏఐ అయిదేళ్ల ముందే చెప్పేస్తుందన్నారు, ఇంకొకరు రక్తపరీక్ష చాలన్నారు, మరొకరు సూది గుచ్చితే ఉన్నది కాస్తా పాకుతుందన్నారు. ఎవరి మాట వినాలి, ఎన్ని రోజుల్లో మళ్లీ వెళ్లాలి అని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా రొమ్ము ఎక్స్‌రేలు చదవడమే నా పని. మీ ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి మీకు ఏముందో, ఏం లేదో చెప్పలేను. ఆ రిపోర్టు ఏ భాషలో మాట్లాడుతోందో, మీరు విన్నవాటిలో ఏది నిజమో ఏది గాలిమాటో మాత్రం చెప్పగలను.

రొమ్ము రిపోర్టులన్నీ ఒకే తీరులో ఉండాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ పెట్టిన పద్ధతి పేరు బైరాడ్స్. 0 నుంచి 6 దాకా అంకెలుంటాయి. వాటిలో 0 మిగతా అంకెల వరసలోది కాదు. "చూసినంతలో తేల్చలేకపోయాను, ఇంకా చూడాలి" అని మాలాంటివాళ్లం ఒప్పుకోవడమే 0. అంటే మీ చేతిలో ఉన్నది సగం రాసిన రిపోర్టు. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఉన్నది హాని లేనిది. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపే, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం అని. 4 దగ్గర సూది పరీక్ష, అంటే సూదితో ముక్క తీసి చూసే బయాప్సీ, మొదలవుతుంది. అయితే ఈ 4 మరీ పెద్ద గంప. 2 శాతం అనుమానం నుంచి 95 శాతం దాకా అన్నీ అందులోనే పడతాయి. అందుకే దాన్ని మళ్లీ ఏ, బీ, సీ అని విడగొట్టారు. ఎవరికైనా ఉత్త 4 అని వస్తే "4 పక్కన ఉండాల్సిన అక్షరం ఏది?" అని డాక్టరును అడగాలి. 5 అంటే అనుమానం 95 శాతం పైన. 6 అంటే బయాప్సీలో అప్పటికే తేలిపోయింది.

తొలి మామోగ్రామ్‌కు 0 రావడం చాలా మామూలు. పోల్చి చూసుకోవడానికి పాత ఫిల్ము ఉండదు గదా. ఒక రొమ్ములో కాస్త ఎక్కువ తెల్లగా కనబడిన చోటు పదేళ్లుగా అలాగే ఉందా, నిరుడు పుట్టిందా అన్నది ఒక్క బొమ్మతో తెలియదు. అమెరికా లెక్కలు చూస్తే స్క్రీనింగుకు, అంటే ఏ లక్షణమూ లేకుండా ముందుజాగ్రత్త పరీక్షకు, వచ్చిన 1000 మందిలో సుమారు 100 మందిని వెనక్కి పిలుస్తారు. వాళ్లలో క్యాన్సర్ తేలేది అయిదుగురికి, కొంచెం అటూ ఇటూగా. ఐరోపా దేశాల్లో వెనక్కి పిలిచేది ఇంకా తక్కువమందినే. ఆ వందమందిలో మిగతా తొంభై అయిదుగురూ ఆ నాలుగు రోజులు మీలాగే నిద్ర లేకుండా గడుపుతారు. స్క్రీనింగు వల్ల జరిగే నష్టాల్లో అదీ ఒకటి, దాన్ని చిన్నదని నేననను.

మళ్లీ వెళ్లినప్పుడు ఏం చేస్తారంటే, అనుమానం వచ్చిన చోటును మాత్రమే చిన్న పలకతో ఇంకాస్త గట్టిగా నొక్కి ఎక్స్‌రే తీస్తారు. మామోగ్రామ్ అంటే మందమైన అవయవాన్ని చదును చేసి తీసిన నీడ. రెండు మామూలు కండల నీడలు ఒకదానిమీద ఒకటి పడితే గడ్డలా కనిపిస్తాయి. నొక్కితే విడిపోతాయి. విడిపోకపోతే అల్ట్రాసౌండ్ చేస్తారు. నీటిబుడగ అయితే అందులో నల్లగా, గుండ్రంగా, అంచు గీసినట్టు కనబడుతుంది, కథ అక్కడితో అయిపోతుంది. చాలామందికి ఆ రోజే 0 పోయి 1 గానీ 2 గానీ వస్తుంది.

ఇక సాంద్రత సంగతి. నా దృష్టిలో మీ రిపోర్టులో 0 కన్నా ఎక్కువకాలం గుర్తుంచుకోవాల్సింది ఆ "సి" అనే అక్షరాన్నే. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కండ తెల్లగా కనిపిస్తాయి. చిక్కల్లా క్యాన్సర్ కూడా తెల్లగానే కనిపించడం. కొవ్వు ఎక్కువున్న రొమ్ములో గడ్డ చీకట్లో దీపంలా తెలుస్తుంది. కండ చిక్కగా ఉన్న రొమ్ములో అది పొగమంచులో తెల్లకొంగను వెతికినట్టే. సాంద్రతను అన్నిటికన్నా తక్కువైన ఏ నుంచి అన్నిటికన్నా ఎక్కువైన డి దాకా నాలుగు మెట్లుగా రాస్తాం. సి, డి రెండూ కలిపితే 40 దాటినవాళ్లలో దాదాపు సగంమంది ఉంటారు, కాబట్టి అదేమీ జబ్బు కాదు. చేత్తో తడిమి సాంద్రత ఎవరూ చెప్పలేరు, రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. సాంద్రత ఎక్కువున్నవాళ్లకు క్యాన్సర్ ముప్పు కూడా కాస్త ఎక్కువే.

నా అనుభవంలో మరచిపోలేనిది ఒకటుంది. చాలా ఏళ్ల కింద, సాంద్రత డి ఉన్న ఒకావిడ మామోగ్రామ్‌కు "నార్మల్" అని రాశాను. ఎనిమిది నెలలకు ఆవిడే చేతికి తగిలే గడ్డతో వచ్చింది. పాత ఫిల్ము తీసి మళ్లీ మళ్లీ చూశాను. ఏమీ కనబడలేదు. తర్వాత మరో ఇద్దరికి చూపించాను, వాళ్లకీ కనబడలేదు. నేను చేసిన తప్పు చూపులో లేదు. "ఈ రొమ్ములో ఈ పరీక్షకు కళ్లు సరిగా కనిపించవు" అన్న ముక్కను ఆవిడకు అర్థమయ్యే మాటల్లో రాయకపోవడమే తప్పు. ఇప్పుడు అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి సాంద్రత సంగతి ప్రతి రిపోర్టులోనూ ఆ స్త్రీకి తెలిపి తీరాలన్న నియమం ఉంది. అది ముందే వచ్చి ఉంటే బాగుండేది.

పొగమంచులో చూడటానికి గత ఇరవై పాతికేళ్లలో పరీక్షించి చూసిన దారులు నాలుగు. మొదటిది ఫిల్ము పోయి డిజిటల్ రావడం. 2005లో వెలువడిన డీమిస్ట్ అధ్యయనంలో దాదాపు 49,500 మందికి రెండు రకాల ఎక్స్‌రేలూ తీసి చూశారు. మొత్తంమీద తేడా లేదు గానీ 50 లోపు వాళ్లలో, సాంద్రత ఎక్కువున్నవాళ్లలో డిజిటల్ మెరుగని తేలింది. రెండోది టోమోసింథసిస్, జనం త్రీడీ మామోగ్రామ్ అంటారు. గొట్టం ఒక వంపులో తిరుగుతూ కొన్ని బొమ్మలు తీస్తుంది, కంప్యూటర్ వాటిని పలుచని పొరలుగా పేర్చి ఇస్తుంది. పుస్తకాన్ని మూసి బయటనుంచి చూసే బదులు పేజీలు తిప్పి చదివినట్టు ఉంటుంది మాకు. మీకు మళ్లీ తీసేటప్పుడు ఈ సదుపాయం ఉంటే వాడమని అడగండి.

మూడోది మామోగ్రామ్‌కు తోడుగా అల్ట్రాసౌండ్. జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ల స్త్రీలు సుమారు 73,000 మందితో జరిగిన జె-స్టార్ట్ అధ్యయనం 2016లో వచ్చింది. మామోగ్రామ్ ఒక్కటే చేస్తే ఉన్న క్యాన్సర్లలో 77 శాతం దొరికాయి, అల్ట్రాసౌండ్ కలిపితే 91 శాతం. మీ వయసువాళ్లకు సరిగ్గా సరిపోయే లెక్క ఇది. దీనికి వెల కూడా ఉంది. క్యాన్సర్ లేనివాళ్లకు లేదని సరిగ్గా చెప్పడంలో 91 శాతం కాస్తా 88 శాతం దగ్గరకు జారింది. అంటే అనవసరపు కంగారు, అనవసరపు సూదులు కాస్త పెరిగాయి. నాలుగోది ఎంఆర్ఐ. ఇది అన్నిటికన్నా పదునైన కన్ను. నెదర్లాండ్స్‌లో సాంద్రత డి ఉన్నవాళ్లతో చేసిన డెన్స్ అధ్యయనంలో, రెండు స్క్రీనింగుల మధ్య గడ్డగా బయటపడే క్యాన్సర్లు 1000కి 5 నుంచి 2.5కి దిగాయి. అందులోనూ క్యాన్సర్ లేకుండానే వెనక్కి పిలిపించుకున్నవాళ్లు 1000కి దాదాపు 80 మంది. మీది సి కాబట్టి ఎంఆర్ఐ తప్పనిసరి అని ఎవరైనా అంటే తొందరపడొద్దు. కుటుంబ చరిత్ర, ఇతర ముప్పులు అన్నీ కలిపి తూచాకే అది.

ఇంతకీ మామోగ్రామ్‌నే ఎందుకు నమ్మాలి? దాని చరిత్ర చాలా పాతది. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలొమన్ ఆపరేషన్‌లో తీసేసిన సుమారు 3000 రొమ్ములకు ఎక్స్‌రే తీసి, క్యాన్సర్ గుర్తులు నీడలో కనబడతాయని చూపాడు. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. యూదుడైనందుకు నాజీల చేతిలో నిర్బంధ శిబిరం పాలై, తర్వాత దేశం వదిలి వెళ్లాడు. 1940ల చివర్లో ఉరుగ్వేలో రౌల్ లెబోర్న్ రొమ్మును నొక్కి తీస్తేనే బొమ్మ తేటగా వస్తుందని గ్రహించాడు. ఇసుక రేణువుల్లాంటి సున్నం చుక్కలు గుంపుగా ఉంటే క్యాన్సర్‌ను అనుమానించాలని చెప్పిందీ ఆయనే. ఈనాడు మీరు ఆ పలకల మధ్య అబ్బా అనడానికి కారణం ఆయన! స్వీడన్‌లో 1977లో మొదలైన రెండు జిల్లాల అధ్యయనంలో స్క్రీనింగుకు పిలుపందుకున్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మరణాలు తగ్గాయని ఇంత పెద్ద ఎత్తున, ఇన్నేళ్లపాటు పరీక్షకు నిలబడింది రొమ్ము విషయంలో మామోగ్రామ్ ఒక్కటే. తక్కినవాటికి అంత చరిత్ర ఇంకా లేదు. ఏ వయసు నుంచి, ఎన్నేళ్లకోసారి అన్నదానిలో నిపుణుల సంఘాల మధ్య ఇప్పటికీ తేడాలున్నాయి. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2024లో 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అని తేల్చింది.

రేడియేషన్ భయం మీరు రాయలేదు గానీ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది, ఎప్పుడూ అంతే. రెండు రొమ్ములకూ మామూలు మామోగ్రామ్ అంతా కలిపి సుమారు 0.4 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). నేలనుంచి, ఆకాశంనుంచి మనందరికీ ఏడాదికి ఎలాగూ దాదాపు 3 అందుతుంది. అంటే ఒక మామోగ్రామ్ ఏడు వారాలు మామూలుగా బతికితే అందేదానికి సమానం.

ఇప్పుడు ఏఐ. మీకు చెప్పినవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. బొమ్మలో ఇప్పుడు ఉన్న క్యాన్సర్‌ను పట్టుకోవడం ఒకటి. వచ్చే అయిదేళ్లలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టడం ఇంకొకటి. అమెరికాలోని ఎంఐటీలో రెజీనా బార్జిలే బృందం తయారుచేసిన మిరాయ్ రెండో రకం. (ఆవిడకే 2014లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది, ఈ పనిలోకి వచ్చింది ఆ తర్వాతే.) వాన పడే అవకాశం ఇంత అని చెప్పడం వేరు, బయట వాన పడుతోందని చెప్పడం వేరు. ముప్పు లెక్క ఎక్కువ వచ్చినంతమాత్రాన లోపల ఏదో మొదలైందని కాదు, ఎవరిని ఎంత దగ్గరగా గమనించాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.

మొదటి రకంలో మాత్రం గట్టి రుజువే వచ్చింది. స్వీడన్‌లో మసాయ్ అనే అధ్యయనం లక్షమందికి పైగా స్త్రీలతో జరిగింది. అక్కడ పద్ధతి ప్రకారం ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు డాక్టర్లు చదవాలి. ఈ అధ్యయనంలో ఏఐ ముందు చూసి, అనుమానం తక్కువున్నవాటిని ఒక్క డాక్టరుకు, ఎక్కువున్నవాటిని ఇద్దరికీ పంపింది. డాక్టర్ల చదువు భారం 44 శాతం తగ్గింది, దొరికిన క్యాన్సర్లు 29 శాతం పెరిగాయి, తప్పుడు అలారాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. నాకు ఏఐ మీద అసూయ లేదు. సాయంత్రం నూట యాభయ్యో ఫిల్ము చదివేటప్పుడు నా కన్ను అలసిపోతుంది, దానిది అలసిపోదు. అయినా ఎక్కువ దొరికాయన్న మాట దగ్గరే నేను ఆగను. దొరికినవన్నీ మనిషిని చంపేవేనా? ఇదే అసలు ప్రశ్న, దానికి మళ్లీ వస్తాను.

రక్తపరీక్షల విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. రక్తంలో ఒక ప్రొటీనును కొలిచే సీఏ 15-3 అనే పరీక్షను హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పెట్టి చేయిస్తుంటారు. తొలిదశలో అది చాలామందిలో మామూలుగానే ఉంటుంది, జబ్బు లేనివాళ్లలో కూడా కొన్నిసార్లు పెరుగుతుంది. ముదిరిన క్యాన్సర్‌కు చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి పనికొచ్చేదాన్ని స్క్రీనింగుకు వాడితే రెండు విధాలా మోసపోతాం. రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్ఏ ముక్కలను పట్టే కొత్త పరీక్షలు ఆసక్తికరమైనవే, కానీ చిన్న గడ్డ రక్తంలోకి వదిలే ముక్కలు బహు తక్కువ. మనకు కావాల్సిన దశలోనే అవి బలహీనం. ఇక ఒంటి వేడిని ఫోటో తీసే థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. దానిమీద ఇంతకన్నా రాయను.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం చాలా పాతది, దాని మూలం నాకు అర్థమవుతుంది. ముదిరాక వచ్చినవాళ్లకు సూది పరీక్ష చేసి, తర్వాత కొన్నాళ్లకు వాళ్లు పోతే, చూసినవాళ్లకు సూదే కారణమనిపిస్తుంది. సూది దారిలో కొన్ని కణాలు జరగడం జరుగుతుంది, నిజమే. అవి నాటుకుని గడ్డగా పెరగడం చాలా అరుదు, బయాప్సీ చేయించుకున్నవాళ్లు అందువల్ల తక్కువకాలం బతికారన్న రుజువు లేదు. సూది లేని కాలం ఎలా ఉండేదో చూస్తే ఈ పరీక్ష విలువ తెలుస్తుంది. 1970ల దాకా గడ్డ ఉన్న స్త్రీని నేరుగా ఆపరేషన్ గదికి తీసుకెళ్లేవారు. మత్తులో ఉండగానే ముక్క కోసి పరీక్షకు పంపి, క్యాన్సర్ అని వస్తే అక్కడికక్కడే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చాక చేత్తో తడుముకుంటే గానీ రొమ్ము ఉందో లేదో ఆమెకు తెలియదు. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కూ అలాగే చేశారు. అదే ఏడాది తనకు గడ్డ తగిలిన రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు దీనికి ఒప్పుకోక, పరీక్ష వేరే రోజు, ఆపరేషన్ వేరే రోజు అని పోరాడింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ ఆ వాదనే సరైనదంది. మత్తు సూది వేసి, అల్ట్రాసౌండులో చూస్తూ, బియ్యపుగింజకన్నా కాస్త పొడుగైన ముక్కలు నాలుగైదు తీసే నేటి కోర్ బయాప్సీ వెనక ఆ పోరాటం ఉంది. మీకు అది అవసరమవుతుందో లేదో ఇంకా తెలియదు, అవసరమైతే మాత్రం వెనకాడకండి.

ఆ ముక్కల్లో పాథాలజిస్టు (మైక్రోస్కోపు కింద పరీక్షించే డాక్టరు) చూసేది క్యాన్సర్ ఉందా లేదా అన్నది ఒక్కటే అయితే పని సులువే. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు, హెర్-2 అనే ప్రొటీను ఉన్నాయా అన్నవి కూడా చూస్తారు. గడ్డ సైజుతో సమానంగా చికిత్సను నిర్ణయించేవి ఇవే. నేను చదువుకునే రోజుల్లో హెర్-2 ఎక్కువుందంటే మొహాలు వాడిపోయేవి. హెర్-2కే గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ మందు 1998లో ముదిరిన దశకు వచ్చింది. 2005లో దాన్ని తొలిదశలోనే కీమోకు జతచేసి చూస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. ఇవాళ హెర్-2 ఉందని చూస్తే, గురి దొరికింది అనుకుంటాం. 2022లో ఇంకో మలుపు వచ్చింది. ట్రాస్టుజుమాబ్‌కే కీమో మందును తగిలించి తయారుచేసిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, హెర్-2 కొద్దిగా మాత్రమే ఉన్న, ఒంట్లో ఇతర చోట్లకు పాకిన క్యాన్సర్లలో కూడా ఆయుష్షు పెంచింది. అంతకుముందు వాళ్లను "హెర్-2 లేదు" అనే గదిలో పడేసేవాళ్లం. ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకానికి చాలాకాలం కీమో తప్ప మరో దారి ఉండేది కాదు. ఇప్పుడు అందులో గడ్డ పెద్దదైనా, చంకకు పాకినా, ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే) మందు పెంబ్రోలిజుమాబ్‌ను కీమోతో కలిపి ఇస్తున్నారు.

నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం కొత్త మందులు కాదు, చికిత్స చిన్నదవుతూ రావడం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో విలియం హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. చిన్న గడ్డకైనా అదే, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. దాదాపు ఎనభై ఏళ్లు అదే నడిచింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి స్త్రీలను రెండు జట్లుగా చేసి ఏళ్ల తరబడి గమనించారు. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా బతికే అవకాశం ఒకటేనని ఇరవయ్యేళ్ల లెక్కలతో 2002లో ఇద్దరూ చూపించారు.

చంక విషయమూ అంతే. ఒకప్పుడు గ్రంథులన్నీ ఊడ్చేసేవారు, ఎంతోమందికి చెయ్యి బూరెలా వాచిపోయేది. 1990ల్లో గడ్డనుంచి కణాలు మొదట చేరే గ్రంథిని రంగుతోనో, రేడియోధార్మిక పదార్థం (ఐసోటోపు) తోనో వెతికి దాన్నొక్కదాన్నే తీసి చూడటం మొదలైంది. 2011లో ఆ గ్రంథుల్లో ఒకటి రెండింటికి క్యాన్సర్ ఉన్నా, రొమ్ము నిలిపి రేడియేషన్ ఇచ్చేవాళ్లకు చంకంతా ఊడ్చక్కర్లేదని తేలింది. 2023లో ఇటలీనుంచి వచ్చిన సౌండ్ అధ్యయనం ఇంకో అడుగు వేసింది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, అల్ట్రాసౌండులో చంక శుభ్రంగా కనబడితే, ఆ ఒక్క గ్రంథినీ ముట్టుకోకపోయినా అయిదేళ్లలో ఫలితం తగ్గలేదు. రేడియేషన్ అయిదారు వారాలుండేది, మూడుకు దిగింది. 2020లో బ్రిటన్ అధ్యయనం ఒక్క వారంలో అయిదు సార్లతో సరిపెట్టవచ్చంది. కీమో కూడా అందరికీ కాదు. 2018లో వచ్చిన టేలర్‌ఎక్స్ అధ్యయనంలో గడ్డలోని 21 జన్యువులను కొలిచి చూశారు. ఈఆర్ ఉండి, హెర్-2 లేక, చంకకు పాకనివాళ్లలో మధ్యస్థ స్కోరు వచ్చిన చాలామందికి హార్మోన్ మాత్రలతో పాటు కీమో ఇచ్చినా అదనపు మేలు లేదని తేలింది. 50 లోపు వాళ్లలో కొందరికి మాత్రం కొంత మేలు కనిపించింది.

తొలిదశలో దొరకడం ఎందుకు మేలంటే నేను చెప్పే జవాబు ఇదే. ప్రాణం దక్కడం ఒకటి. అమెరికా లెక్కల్లో రొమ్ముకే పరిమితమైనప్పుడు అయిదేళ్ల మనుగడ 99 శాతం పైన, దూరపు అవయవాలకు పాకాక సుమారు 30 శాతం. కోత, విషం, కిరణాలు అన్నీ తక్కువ మోతాదులో సరిపోవడం రెండోది.

దీనికి అవతలి పక్క కూడా చెప్పకపోతే మిమ్మల్ని సగం మోసం చేసినట్టే. పాలనాళంలోనే ఉండి గోడ దాటని కణాలను డీసీఐఎస్ అంటాం. మామోగ్రామ్‌లో సున్నం చుక్కలుగా దొరుకుతుంది. వాటిలో కొన్ని ఎప్పటికీ గోడ దాటవు. ఏవి దాటుతాయో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేం కాబట్టి దాదాపు అందరికీ ఆపరేషన్ చేస్తూ వచ్చాం. 2024 డిసెంబరులో కామెట్ అనే అధ్యయనం, ముప్పు తక్కువ రకం డీసీఐఎస్ ఉన్నవాళ్లను కొందరిని ఆపరేషన్‌కు, కొందరిని జాగ్రత్తగా గమనించడానికి కేటాయించి పోల్చింది. రెండేళ్లలో గోడ దాటిన క్యాన్సర్ బయటపడింది ఆపరేషన్ జట్టులో 5.9 శాతం, గమనించిన జట్టులో 4.2 శాతం. రెండేళ్లు చిన్న గడువే, అయినా "దొరికింది కాబట్టి కోసెయ్" అనే అలవాటుకు ఇది గట్టి ప్రశ్న. ఏఐ ఎక్కువ పట్టుకుందని వింటే నేను వెంటనే సంబరపడనిది ఇందుకే.

పిన్నిగారి సంగతి. ఆవిడకు 58లో, అంటే నెలసరి ఆగే వయసు దాటాక వచ్చింది. తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్ల తర్వాతి వరసలో ఒక్కరికి ఆ వయసులో వస్తే మీ ముప్పు పెరిగేది కొద్దిగానే. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అయితే ఇంట్లో ఇంకొన్ని ప్రశ్నలు అడగండి. ఎవరికైనా 50 లోపు వచ్చిందా? రెండు రొమ్ములకూ వచ్చిందా? అండాశయ క్యాన్సర్ ఎవరికైనా ఉందా? మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఉందా? నాన్నగారి వైపు కూడా అడగాలి, చాలామంది అమ్మ వైపే చూసి ఆగిపోతారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం తండ్రి నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. పై వాటిలో ఏదైనా అవునంటే జన్యు సలహాదారును కలవండి. ఆ లోపం ఉన్నవాళ్లకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుంది, వాళ్ల స్క్రీనింగు పద్ధతే వేరు, ఎంఆర్ఐ పాతికేళ్లకే మొదలవుతుంది.

నెలనెలా స్వయంగా పరీక్షించుకోవాలా అంటే, షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనంలో శిక్షణ ఇచ్చి చేయించినా మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలు పెరిగాయి. అందుకని నేను క్యాలెండరు పెట్టుకుని తడుముకోమనను. మీ ఒంటి మామూలు తీరు మీకు తెలిసి ఉండాలంటాను. కొత్త గడ్డ, చర్మం లోపలికి లాక్కుపోవడం, నారింజ తొక్కలా మందమవడం, చనుమొన లోపలికి తిరగడం, ఒక్క వైపు నుంచే దానంతటదే నెత్తురు చెమ్మ రావడం, చంకలో గట్టి ముద్ద. వీటిలో ఏదైనా ఉంటే, మొన్ననే మామోగ్రామ్ నార్మల్ వచ్చినా సరే చూపించుకోవాలి. నేను పైన చెప్పినావిడ అలా వచ్చింది కాబట్టే ఇవాళ బాగుంది.

ఎన్ని రోజుల్లో వెళ్లాలి అన్నారు. పది రోజులు ఆగితే ఏమీ మారిపోదు. సెంటీమీటరు గడ్డ కావడానికి ఒక కణం సుమారు ముప్పై సార్లు రెట్టింపు కావాలి, ఒక్కో రెట్టింపుకు సాధారణంగా నెలలు పడుతుంది. ఆరు నెలలు వాయిదా వేస్తే మాత్రం ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లోపు రోగనిర్ధారణ పూర్తికావాలని లక్ష్యం పెట్టింది. అది దేశాలకు పెట్టిన గడువు, మీరు అంత దాకా పోవద్దు.

మళ్లీ వెళ్లేటప్పుడు మొదటి మామోగ్రామ్ సీడీ తప్పక తీసుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంట్ వేసుకోకండి. అందులోని లోహపు పొడి ఎక్స్‌రేలో అచ్చం సున్నం చుక్కల్లా కనబడి, లేని అనుమానం తెచ్చిపెడుతుంది. నెలసరి వస్తూంటే, అది అయిపోయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువగా ఉంటుంది. పరీక్ష అయ్యాక 0 స్థానంలో ఏ అంకె వచ్చిందో, 4 అయితే పక్కన ఏ అక్షరం ఉందో చూసి ఇక్కడే రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.